మాపో తోఫులో ఇసుక ఎక్కడిది? చైనీస్ ఎండు మసాలాలు కొని దెబ్బతిన్నాను

కావేరి_డాలస్
పోయిన శనివారం ఇక్కడి చైనీస్ షాపులో ఎండు దినుసుల వరస ముందు అరగంట నిలబడి, ప్యాకెట్ల మీద బొమ్మలు చూసుకుంటూ ఐదు రకాలు తెచ్చా. సిచువాన్ మిరియాలు, అనాసపువ్వు, మన నల్ల యాలక్కాయకి పెద్దన్నలా ఉన్న ఒక కాయ, బుల్లి లాంతర్లలా గుండ్రంగా ఉన్న ఎండుమిరపకాయలు, ఎండబెట్టిన నారింజ తొక్క. మొత్తం 22 డాలర్లు. ఇంటికొచ్చి మాపో తోఫు, అదే చైనా సిచువాన్ ప్రాంతపు సోయా పనీర్ కారం కూర, మొదలెట్టా. మన పోపులాగే నూనె పొగలొచ్చేదాకా కాచి, రెండు చెంచాల సిచువాన్ మిరియాలు, గుప్పెడు మిరపకాయలు వేశా. మూడు లెక్కపెట్టేలోపు అన్నీ బొగ్గయ్యాయి. పొగ అలారం మోగింది, పిల్ల ఏడ్చింది. అదంతా పారబోసి, రెండోసారి ఆ మిరియాల్ని పచ్చివే మిక్సీలో తిప్పి కూరలో కలిపా. నోట్లో పెట్టుకుంటే సరిగ్గా కడగని తోటకూర తిన్నట్టు కరకర, పైగా చేదు. మా ఆయనకి పెదవులు తిమ్మిరెక్కితే అలర్జీ అనుకుని మాత్ర కూడా వేసుకున్నారు.

ప్యాకెట్లో కల్తీ ఉందా, నా చేతిలోనే తేడా ఉందా? మిగతా మూడూ తెరవాలంటే భయంగా ఉంది.

గోదారి_గట్టు
మాత్ర వేసుకున్నారా! ఆ వంటలో సరిగ్గా కుదిరింది ఆ తిమ్మిరొక్కటే కదండీ.

లూజౌ_డాక్టర్
కల్తీ ఏం లేదు. మీరు ఇసుక అనుకున్నది గింజ. సిచువాన్‌లో లూజౌ అనే ఊళ్ళో ఐదేళ్ళు మెడిసిన్ చదివా, హాస్టల్లో మా అంతస్తులో ఆరుగురం తెలుగువాళ్ళం, మొదటి ఏడాది అందరం ఇదే పని చేశాం.

దాన్ని అక్కడ హ్వాజ్యావ్ అంటారు, అంటే పువ్వు మిరియం. పేరులో మిరియం ఉంది గానీ మన మిరియంతో చుట్టరికం లేదు, అది నిమ్మ, నారింజల కుటుంబం. పనికొచ్చేది పైతొక్క ఒక్కటే. ఎండేటప్పుడు అది నోరు తెరుస్తుంది, లోపలి నల్లగింజ రాలిపోవాలి. రాలనివి, రాలినా జల్లించనివి మీ ప్యాకెట్లోకి వస్తాయి. ఆ గింజని ఎంత నూరినా మెత్తబడదు. పళ్ళెంలో పోసుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు గింజలూ పుల్లలూ ఏరేయండి. చిన్న చిన్న ముళ్ళు కూడా వస్తుంటాయి, వేళ్ళు జాగ్రత్త.

తిమ్మిరి అలర్జీ కాదు, దాని గుణమే అది. సాన్షూల్ అనే పదార్థం వల్ల వస్తుంది. 2013లో లండన్ పరిశోధకులు కొలిచి చూస్తే పెదవి మీద ఆ జిల సెకనుకి 50 సార్లు కంపించినట్టు ఉంటుందని తేలింది. తిమ్మిరిని అక్కడ 'మా' అంటారు, కారాన్ని 'లా'. రెండూ కలిస్తే మాలా. మాపోలో ఉన్న 'మా'ది కూడా అదే అక్షరమే, కాకపోతే అక్కడ అర్థం మశూచి మచ్చలు. ముఖాన మచ్చలున్న ముసలమ్మ తోఫు అన్నమాట, 1862లో చెంగ్డూలో ఒక పూటకూళ్ళ ఇంట్లో మొదలైందంటారు.

ఇక మీ అసలు తప్పు పోపు. ఆవాలు చిటపటలాడాలంటే నూనె మరగాలి, అది మన చేతికి అలవాటు. హ్వాజ్యావ్ ఆ వేడికి ఆగదు. సిచువాన్‌లో వాళ్ళూ ఆవనూనె లాంటి నూనెని పచ్చివాసన పోవడానికి పొగలొచ్చేదాకా కాస్తారు, కానీ ఆ తర్వాత పొయ్యి ఆపి చల్లారనిచ్చి, గోరువెచ్చని నూనెలో దినుసులు వేసి మళ్ళీ సన్న సెగ మీద పెడతారు. మాపో తోఫుకైతే అంత కూడా అక్కర్లేదు. ఏరిన తొక్కల్ని పొడి బాండీలో సన్న సెగ మీద మూడు నాలుగు నిమిషాలు, నిమ్మతొక్క వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక దంచి, జల్లెడ పట్టి, అరచెంచా పొడి దించే ముందు పైన చల్లడమే.

కావేరి_డాలస్
ఇప్పుడే ప్యాకెట్ మొత్తం పేపర్ మీద పోశా. నల్లగింజలు ఆవగింజకంటే కాస్త పెద్దవి, గాజుపూసల్లా తళతళ. గంటసేపు ఏరితే చిన్న కప్పులో సగం వచ్చాయి. వీటికి కూడా డబ్బులిచ్చానా!

గోదారి_గట్టు
కందిపప్పులో రాళ్ళకి మా అమ్మమ్మ ముప్పై ఏళ్ళు డబ్బులిచ్చింది. ఊరుకోండి.

కూకట్‌పల్లి_కిచెన్
ఒక చిన్న డౌట్. ఆకుపచ్చ రంగులో కూడా వస్తున్నాయి ఆన్‌లైన్లో. అవి పచ్చివా, వేరే రకమా?

లూజౌ_డాక్టర్
వేరే రకం. ఎర్రది వేయించితే కమ్మగా, కొంచెం చెక్క వాసనతో ఉంటుంది. మాంసం, తోఫు, హాట్‌పాట్ (మరిగే పులుసులో ముంచి ఉడికించుకు తినేది) అన్నిటికీ అదే. ఆకుపచ్చది ఘాటు నిమ్మ వాసన, తిమ్మిరి కూడా తొందరగా ఎక్కుతుంది, చేపల కూరలకి వాడతారు. ఎర్రదాంట్లో హన్‌యువాన్ అనే ఊరిది గొప్పదని పేరు, పూర్వం చక్రవర్తికి కప్పంగా వెళ్ళేదట. ఆ పేరు అచ్చువేసిన ప్యాకెట్లన్నీ ఆ ఊరివే అయితే ఆ కొండల మీద చెట్లు తప్ప ఇంకేం ఉండకూడదు.

ఎడిసన్_మావయ్య
మీ తరం అదృష్టవంతులమ్మా. మేం వచ్చిన 90ల్లో అమెరికాకి ఇది రావడమే నిషిద్ధం. 1968 నుంచి ఆపేశారు, నిమ్మజాతి చెట్లకి వచ్చే గజ్జి తెగులు దీంతోపాటు వస్తుందని. కొన్ని షాపుల్లో అడిగితే కౌంటర్ కింద నుంచి తీసిచ్చేవాళ్ళు, దొంగసరుకు అమ్మినంత రహస్యంగా. 2005లో ఎత్తేశారు గానీ ముందు వేడిచేసి తెగులు చంపాకే రానివ్వాలన్నారు, ఆ షరతు తర్వాత తీసేశారు. ఆ రోజుల్లో ఇక్కడ దొరికినదానికీ చైనా వెళ్ళినప్పుడు తిన్నదానికీ నాకు చాలా తేడా తెలిసింది.

మిర్చియార్డ్_బాబాయ్
హ్వాజ్యావ్ సంగతి నాకు తెలీదు, మిరపకాయల సంగతి చెప్తా. చైనీస్ షాపులో మిరపకాయలు కొనడమేంటమ్మా? గుంటూరు యార్డుకొచ్చే తేజ రకానికి పెద్ద గిరాకీ చైనాదే. తొడిమ తీసిన కాయ కావాలంటారు వాళ్ళు, మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు షెడ్లలో కూర్చుని తొడిమలు తీస్తుంటారు, చేతులు మంటెక్కిపోతాయి పాపం. అదంతా కంటైనర్లకెక్కి అటే పోతుంది. ఖమ్మం తేజ కూడా అంతే. వాళ్ళు దాన్ని ఎస్-17 అనీ, ఇండియా దెయ్యం మిరప అనీ పిలుచుకుంటారు. మన కాయ సముద్రం దాటి చైనా పోయి, అక్కణ్ణుంచి ప్యాకెట్లో డాలస్ వచ్చి, నువ్వు పది రెట్లు పెట్టి కొనుక్కున్నావేమో చూసుకో.

కావేరి_డాలస్
నావి గుండ్రంగా ఉన్నాయి బాబాయ్, తేజ సన్నగా పొడుగ్గా కదా ఉండేది?

మిర్చియార్డ్_బాబాయ్
గుండ్రంగా అంటే మాది కాదు. అయినా కారం కావాలంటే తేజ వేసుకో, పని అయిపోతుంది.

లూజౌ_డాక్టర్
బాబాయ్, అక్కడే నేను ఒప్పుకోను. ఎగుమతి మాట నిజమే, లూజౌలో మా వీధి చివర కారం ఆడించే కొట్లో ఎస్-17 గోతం నేనే చూశా. కానీ ఆయన దాన్ని కారానికి మాత్రం కొద్దిగా కలుపుతాడు. సిచువాన్‌వాళ్ళకి ఒక్క మిరపకాయతో పని అవదు. అర్‌జింగ్‌త్యావ్ అని వేలెడు పొడుగు కాయ రంగుకీ వాసనకీ, ఆకాశం వైపు నిటారుగా కాసే ఛావ్‌త్యాన్ కారానికి, కావేరి గారు కొన్న లాంతరు కాయ కమ్మదనానికి. దాంట్లో కారం తక్కువే.

చోంగ్‌చింగ్‌లో లాజీజీ అని కోడి వేపుడు చేస్తారు, ప్లేటులో మిరపకాయల గుట్ట ఉంటుంది, అందులో కోడిముక్కలు వెతుక్కుని తినాలి. మిరపకాయలు ఎవరూ తినరు, అవి నూనెకి వాసన ఇవ్వడానికే. ఆ గుట్టంతా తేజ పోస్తే వంట చేసేవాడు, తినేవాడు, పక్కింటివాడు ముగ్గురూ ఆస్పత్రికే.

మిర్చియార్డ్_బాబాయ్
తినని కాయకి అంత డబ్బెందుకు పెడతారయ్యా? గుప్పెడు కాయలు నూనెలో వేసి, ప్లేటులో పెట్టి, చివరికి చెత్తబుట్టలో పారేయడమా? కాయ పండించినవాడు చూస్తే ఏడుస్తాడు.

శారద_సింగపూర్
మనం బిర్యానీలో చెక్క, లవంగం, ఆకు తీసి ప్లేటు పక్కన పెట్టమా బాబాయ్ గారూ? అదీ ఇదీ ఒకటే.

మిర్చియార్డ్_బాబాయ్
అది నాలుగు లవంగాలమ్మా. ఇది గుట్ట.

గోదారి_గట్టు
బాబాయ్ చెప్పేది న్యాయంగానే ఉంది. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కన వండే కూర మనకెందుకు.

లూజౌ_డాక్టర్
సరే, మధ్యే మార్గం. ఇండియాలో ఉన్నవాళ్ళు మూడు వంతులు బ్యాడిగి, ఒక వంతు తేజ తీసుకోండి. రంగు, వాసన బ్యాడిగి చూసుకుంటుంది. కాయల్ని కత్తెరతో అంగుళం ముక్కలుగా కత్తిరించి గింజలు దులిపేయండి, నూనెలో ముందు మాడేవి గింజలే. నేను ఇంకోటి చేస్తా, ముక్కల మీద నీళ్ళు చల్లి ఐదు నిమిషాలు ఉంచి తడిపొడిగా వేస్తా. తడి ఉంటే వెంటనే మాడవు, నూనెలో నిదానంగా రంగు దిగుతుంది. చిందుతుంది, దూరంగా నిలబడండి. కాయ ఎర్రరంగు నుంచి చింతపండు రంగులోకి తిరిగే క్షణం ఒకటుంటుంది, కుంగ్‌పావ్ చికెన్ రుచంతా ఆ క్షణంలోనే ఉంది. అప్పుడే చికెన్ వేసేయాలి. ఫోన్ మోగినా తీయకూడదు.

మిర్చియార్డ్_బాబాయ్
బ్యాడిగి మాట ఒప్పుకున్నా. 341 రకం కాయ కూడా చూడు, రంగుంటుంది, కారమూ ఉంటుంది. తాలు కాయ మాత్రం ఎవరు చవగ్గా ఇస్తానన్నా తీసుకోవద్దు. తెల్లబారిన కాయ నూనెలో వేస్తే మసి వాసన.

ప్లేటుమంచూరియా
ఇంత తతంగం ఎందుకండీ, సందు చివర బండి మీద చైనీస్ దొరుకుతుంటే. వెల్లుల్లి, సోయా సాస్, వెనిగర్, అయిపోయింది. ఒక్క చెక్కముక్క అక్కర్లేదు.

ఎడిసన్_మావయ్య
మంచూరియా చైనాది కాదు నాయనా. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే ఆయన 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో చేశాడని చెప్తారు. అది మనదే, హాయిగా తిను. ఇక్కడ మాట్లాడేది వేరే వంట.

ప్లేటుమంచూరియా
మనదే అన్నారు కదా, చాలు. ఇంకో ప్లేటు చెప్పొస్తా.

శారద_సింగపూర్
కావేరీ, నువ్వు కొన్న అనాసపువ్వు గురించి నా కథ విను, పరువు పోయినా ఫర్వాలేదు. మా పక్కింటి పెద్దావిడ ఎర్రగా ఉడికించే కోడి, అదే సోయా సాస్, చక్కెర వేసి గంటసేపు సన్నసెగ మీద ఉడికిస్తారే, అది ఎలాగో చెప్తూ 'ఓ బాజ్యావ్ వేసుకో' అంది. ఆవిడ ఇంగ్లీషు అంతంత, నా చైనీస్ అసలు లేదు. నెట్‌లో చూస్తే 'బా' అంటే ఎనిమిది అని ఉంది. ఎనిమిది వేశా. కోడి కిలో కూడా లేదు. ఇల్లంతా దగ్గుమందు సీసా పగిలినట్టు వాసన, రెండు రోజులు కర్టెన్లు ఉతికా. తర్వాత తెలిసింది, బాజ్యావ్ అంటే ఎనిమిది కొమ్ములు, అది ఆ పువ్వు పేరు. కిలో మాంసానికి రెండు పువ్వులు చాలు, మూడు వేస్తే వాసన పైకొచ్చేస్తుంది.

గోదారి_గట్టు
శారదక్కా, ఆ కోడి తిన్నవాళ్ళకి ఏడాది పాటు దగ్గు రాలేదట కదా.

శారద_సింగపూర్
మా అబ్బాయికి ఇప్పటికీ అనాసపువ్వు చూపిస్తే పారిపోతాడు.

లూజౌ_డాక్టర్
అనాసపువ్వు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చైనాలో ఎక్కువ పండేది గ్వాంగ్‌శీలో. మంచిది గోధుమ ఎరుపులో, మందంగా, సాధారణంగా ఎనిమిది రెక్కలతో, రెక్క చివర మొద్దుగా ఉంటుంది. పది, పన్నెండు సన్న రెక్కలుండి, కొసలు కొక్కెంలా పైకి వంగి ఉంటే వదిలేయండి. దీని దగ్గరి చుట్టం జపాన్ షికిమి అనేది విషం, మూర్ఛలు తెప్పిస్తుంది. 2003లో అమెరికా ఆహార, మందుల శాఖ ఎఫ్‌డీఏ అనాసపువ్వు టీ తాగొద్దని హెచ్చరించింది ఈ కలగలుపు భయంతోనే. చంటిపిల్లలకి కడుపునొప్పి అని ఎవరైనా దీని కషాయం పట్టమంటే పట్టకండి. కూరలో రెండు పువ్వులకి ఏం కాదు. పొడి కొంటే ఏ రెక్కలో, ఏ కాయో మనకి కనపడదు, అందుకే నేను పొడి ఎప్పుడూ కొనను.

కూకట్‌పల్లి_కిచెన్
మరీ పసుపుగా మెరిసేవి కూడా వస్తాయి కదా, చూడ్డానికి అందంగా ఉంటాయి.

లూజౌ_డాక్టర్
గంధకం పొగ పెట్టినవై ఉండొచ్చు. ముక్కు దగ్గర పెడితే పులుపు వాసన తగులుతుంది. హ్వాజ్యావ్ కూడా మరీ కుంకుమలా ఎర్రగా ఉంటే గిన్నెడు నీళ్ళలో నాలుగు వేసి చూడండి. లేత టీ రంగు వస్తే ఫర్వాలేదు, నీళ్ళు గులాబీ రంగైతే షాపు మార్చండి.

అసలు కొనడం నాకు నేర్పింది లూజౌ సంతలో ఒకావిడ. గోతాల మధ్య ముక్కాలి పీట మీద కూర్చునేది. నాకు భాష రాదు, గోతంలో చెయ్యిపెట్టి గుప్పెడు తీశాను. చేతిమీద కొట్టి, నా అరచేతిలో ఒక్క తొక్క పెట్టి, ముందు పళ్ళతో నమలమని సైగ చేసింది. మొదట నారింజ తొక్క పిండినట్టు వాసన, ఏం లేదే అనుకున్నా. ఆవిడ వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతోంది. ఏడో వేలు దగ్గర నాలుక కొస మీద చీమలు పాకాయి, పదికల్లా కింది పెదవి నాది కాదన్నట్టుంది. ఆవిడ పగలబడి నవ్వి, పక్క గోతంలోంచి ఇంకో తొక్క ఇచ్చింది. దాంతో పదిహేను లెక్కపెట్టినా ఏమీ లేదు, వట్టి చేదు. పాత సరుకు అని అప్పుడర్థమైంది, రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. అప్పట్నుంచి నాకు అదే పరీక్ష. నలిపితే గలగలమనాలి, తొక్క మీద నూనె బుడిపెలు వేలికి గరుగ్గా తగలాలి, నోరు తెరుచుకుని లోపల తెల్లగా కనపడాలి. మీ షాపులో నమలనివ్వరు కాబట్టి చిన్న ప్యాకెట్ కొని ఇంట్లో నమలండి. బాగుంటే తర్వాత పెద్దది.

కావేరి_డాలస్
ఇప్పుడే నమిలా. ఎనిమిదో అంకె దగ్గర మొదలైంది. అయితే నా సరుకు మంచిదే. చెయ్యే బాగోలేదన్నమాట.

కూకట్‌పల్లి_కిచెన్
హైదరాబాద్‌లో మామూలు కిరాణా కొట్లో అడిగితే వింతగా చూస్తున్నారు. దీనికి బదులు మన దగ్గర ఏదైనా ఉందా?

పాత_వేపచెట్టు
నేపాల్‌వాళ్ళు టిమూర్ అంటారు, కొండ ప్రాంతాల సరుకు అమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతుంది, ఆకుపచ్చ సిచువాన్ మిరియానికి బాగా దగ్గర. కొంకణంలో చేపల పులుసులో తిర్‌ఫళ్ వేస్తారు, అదీ ఈ కుటుంబమే, తిమ్మిరి తక్కువ.

ఆ తిర్‌ఫళ్ చెట్టు పేరు వెనక మన తెలుగే ఉంది. శాస్త్రీయ నామం జాంథోజైలం రేట్సా. ఆ 'రేట్సా' ఏమిటా అనుకుంటారు. కంపెనీ కాలంలో సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ దొర ఇక్కడి కొండవాళ్ళని అడిగి రాసుకున్న పేరు, రచ్చమాను. దాని నీడన కూర్చుని ఊరి తగవులు తీర్చుకునేవాళ్ళు కాబట్టి రచ్చమాను అన్నారట. రచ్చబండ చెట్టు కాస్తా లాటిన్లో కూర్చుంది. పండిన గింజ మిరియంలా ఉంటుందనీ ఆయనే రాశాడు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో విశాఖ మన్యంలో నేనూ చూశా ఆ చెట్టుని, బోదె నిండా ఏనుగు గోళ్ళలాంటి ముళ్ళు. ఆనుకుని కూర్చునేవాళ్ళు మాత్రం ఉండరు.

గోదారి_గట్టు
అందుకే తగవులు తొందరగా తేలేవి.

మిర్చియార్డ్_బాబాయ్
ఇది మంచి మాట చెప్పారు మాస్టారూ. మన చెట్టు మన్యంలోనే ఉంటే చైనా దాకా ఎందుకు?

పాత_వేపచెట్టు
రుచి వేరండీ బాబాయ్. చింతచిగురుకి బదులు గోంగూర వేసుకోవచ్చు, కానీ అది చింతచిగురు పప్పు అవదు. పేర్ల మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. మాంసం ఉడికించే నీళ్ళలో చైనావాళ్ళు మన పిప్పళ్ళు కూడా వేస్తారు. వాళ్ళ పేరు బీబో. సంస్కృతం 'పిప్పలి' నుంచి వెళ్ళిన మాటే అది.

కున్మింగ్_కల్యాణి
కావేరి గారూ, ఆ నల్ల యాలక్కాయ పెద్దన్న పేరు త్సావ్‌గ్వో. చైనాలో యునాన్ రాష్ట్రంలో పండుతుంది, మేం రెండేళ్ళు అక్కడి కున్మింగ్‌లో ఉన్నాం. మన నల్ల యాలక్కాయకంటే రెండింతలుంటుంది, పొగ వాసన. మాంసం నీచువాసన చంపడానికి ఇంతకంటే మంచిది లేదు. కిలోన్నర మటన్‌కి ఒక్కటి.

కావేరి_డాలస్
ఒకటే వేశానండీ నిన్న, చికెన్ సూప్‌లో. గంట ఉడికినా ఏ వాసనా రాలేదు. కాయ అలాగే చెక్కుచెదరకుండా పైన తేలుతోంది.

కున్మింగ్_కల్యాణి
చితక్కొట్టకుండా వేశారా! దాని తోలు చెప్పుల తోలు. కత్తి పక్కకి తిప్పి దాంతో ఒక్క దెబ్బ కొట్టి విచ్చుకున్నాక వేయాలి.

లూజౌ_డాక్టర్
విచ్చాక లోపలి గింజలు తీసేయాలి కూడా. సిచువాన్‌లో తీసేస్తారు, చేదొస్తుందని.

కున్మింగ్_కల్యాణి
మా ఇంటి కింద పశుమాంసం నూడుల్స్ కొట్టాయన గింజలతోనే వేసేవాడు. ఇరవై ఏళ్ళ కొట్టు, వాసనంతా గింజలోనే ఉంది అనేవాడు.

లూజౌ_డాక్టర్
ఆయనది యాభై లీటర్ల డేగిసా అండీ. రెండు లీటర్ల కుక్కర్లో గింజలతో వేస్తే కర్పూరం నాకినట్టుంటుంది.

కున్మింగ్_కల్యాణి
నేను రెండు లీటర్లలోనే వేస్తున్నా పదేళ్ళుగా, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. సగం గింజలు తీసి సగం ఉంచండి కావేరి గారూ, మా ఇద్దరి మాటా నిలబడుతుంది.

కూకట్‌పల్లి_కిచెన్
వాళ్ళ బిర్యానీ ఆకు మన బిర్యానీ ఆకేనా?

కున్మింగ్_కల్యాణి
కాదు. మనదాంట్లో మూడు ఈనెలు నిలువుగా ఉంటాయి, వాసన దాల్చినచెక్కలా ఉంటుంది. వాళ్ళ శ్యాంగ్‌యె మధ్యలో ఒకటే ఈనె, అది పాశ్చాత్యులు వాడే ఆకు. చెక్క విషయంలో మాత్రం గొడవలేదు, మన కిరాణా కొట్లో దాల్చినచెక్క పేరుతో దొరికే ఆ మందపాటి చెక్క వాళ్ళ గ్వీపీకి సరిపోతుంది. గోటితో లోపలివైపు గీరితే నూనె తడి కనపడాలి.

శారద_సింగపూర్
కొత్తవాళ్ళు ఒకేసారి పదిహేను రకాలు కొనకండి, డబ్బాల్లో పురుగులకి పెట్టడమే. అనాసపువ్వు, చెక్క, హ్వాజ్యావ్, సోంపు, లవంగం. ఈ ఐదూ ఉంటే పొడి కొట్టుకుంటే ఐదు మసాలాల పొడి, మూట కట్టి వేస్తే మాంసం ఉడికించే మసాలా. అందులో నాలుగు మన పోపుల డబ్బా పక్కనే ఉన్నాయి. మూటకి పాత మల్లుగుడ్డ ముక్క చాలు. గుడ్లు కూడా అందులోనే, పెంకు చితక్కొట్టి టీ ఆకుతో ఉడికిస్తా, మా ఇంట్లో సాయంత్రానికి మిగలవు.

ఎడిసన్_మావయ్య
హ్వాజ్యావ్ మాత్రం ఫ్రీజర్లో పెట్టండి, గాలి చొరని సీసాలో. బయట ఉంచితే ఆరు నెలల్లో వాసన దిగిపోవడం మొదలవుతుంది, ఏడాదికి వట్టి పొట్టు.

కావేరి_డాలస్
ఆదివారం రిపోర్టు. ఏరిన తొక్కలు సన్న సెగ మీద వేయించా. రెండో నిమిషానికి ఏం రాలేదని సెగ పెంచబోయి డాక్టర్ గారి మాట గుర్తొచ్చి ఆగా, మూడున్నర నిమిషాలకి ఒక్కసారిగా నిమ్మతొక్క వాసన వచ్చింది, వంటింట్లోంచి హాల్లోకి కూడా. రోట్లో దంచి టీ వడపోత జల్లెడలో జల్లించా, పైన లేత గోధుమరంగు పొట్టు మిగిలింది, అది చేదు, పారేశా. నూనె కాచి చల్లార్చి, పులియబెట్టిన కారం బీన్స్ పేస్టు వేసి ఎర్రనూనె తేలేదాకా వేయించి, చికెన్ ఖీమా, తోఫు, చివర్లో పైన పొడి. తోఫు సగం విరిగింది, అది నా గరిటె పాపం. కానీ ఇసుక లేదు, చేదు లేదు. మా ఆయన మొదటి ముద్ద తిని మాత్రల డబ్బా వైపు చూశారు, తర్వాత రెండోసారి అన్నం పెట్టుకున్నారు.

లాంతరు కాయల్లో నాలుగు తడిపి వేశా, మాడలేదు. కారం చాల్లేదు. బాబాయ్, రెండు తేజ కాయలు కలిపితే సరిపోయింది.

మిర్చియార్డ్_బాబాయ్
చూశావా.

గోదారి_గట్టు
ఆ ఒక్క మాట కోసం బాబాయ్ నాలుగు రోజులుగా కాచుక్కూర్చున్నారు.

కూకట్‌పల్లి_కిచెన్
ఆ నల్లగింజలు పారేశారా? నాటితే చెట్టొస్తుందా?

ఎడిసన్_మావయ్య
ఎన్నాళ్ళ కిందట ఎండినవో ఏమో అమ్మా. నాటితే కుండీ మిగులుతుంది.

కావేరి_డాలస్
పిల్ల ఆ గింజలు గిలక్కాయ డబ్బాలో పోసుకుంది, రోజంతా అదే చప్పుడు. ఇంక నారింజ తొక్క ప్యాకెట్ ఒక్కటే తెరవలేదు. శారద గారూ, అది ఎర్ర కోడిలో వేయొచ్చా? నల్లగా, తోలులా ఉంది, పాడైందేమో అని.

శారద_సింగపూర్
పాడవలేదు, పాతబడితేనే విలువ దానికి. చెన్‌పీ అంటే అర్థమే పాత తొక్క, గ్వాంగ్‌డాంగ్‌లో శిన్‌హుయ్ ఊరిది పేరుమోసింది, మూడేళ్ళు దాటనిదాన్ని అసలు ఆ పేరుతో పిలవరు. రెండు ముక్కలు గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టి, లోపలి తెల్లపొర కత్తితో గీకేసి వేయి. ఆ తెల్లదాంట్లోనే చేదంతా ఉంటుంది. నానిన నీళ్ళు పారబోయకు, అవీ పోసేయ్. అనాసపువ్వు మాత్రం రెండే.

కావేరి_డాలస్
రెండే. కర్టెన్లు కొత్తవి.